కప్పకు ఒడిబియ్యం

ఈ ప్రయాణంలో చూసిన రెండు ఊళ్ల పేర్లు రాయడం లేదు. బోధన్ వైపు నిజాంసాగర్ కాలువ కింద ఉన్నదాన్ని కాలువ ఊరు అంటాను. నవీపేట్ దాటాక ఉన్నదాన్ని చెరువు ఊరు అంటాను. మిగతా పేర్లన్నీ ఉన్నవే.

నిజామాబాద్

శ్రావణం వచ్చేసింది, ఆకాశంలో మాత్రం మబ్బు లేదు. స్టేషన్ బయట నిలబడి సామాను సరిచూసుకున్నాను. రబ్బరు బూట్లు రెండు జతలు, చేతి తొడుగులు, దూది చుట్టిన పుల్లలు, బిగుతు మూతల గొట్టాలు, ఐసు డబ్బా, పిచికారీ సీసా. ఆ సీసాలో కలపవలసిన బ్లీచింగ్ పౌడర్ ఒక్కటే మర్చిపోయాను.

నేను హైదరాబాద్‌లో జంతువుల రోగాలు పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తాను. మాది బాపట్ల వైపు. కాలువ ఊరి చెరువులో కప్పలు చచ్చిపోతున్నాయని కబురు వస్తే మా వాళ్లు ముందే వెళ్లి నమూనాలు తెచ్చారు. వాటిలో ఒక వైరస్ బయటపడింది. అది పట్టిన కప్పకు తొడల మీద, పొట్ట మీద చర్మం కింద రక్తం చిమ్ముతుంది. తోకకప్పలు ముందు చస్తాయి, తర్వాత పెద్దవి. తడి బూటు, వల, బకెట్, బురద, ఏది ఒక నీటి నుంచి ఇంకో నీటికి వెళ్లినా దానితో పాటు వెళ్లగలదు. మనుషులకు రాదు. అందుకే దాని గురించి ఎవరికీ తొందర లేదు. అది గోదావరి వైపు ఎంత దూరం పాకిందో చూసి రావడం నా పని.

స్టేషన్ దగ్గరి కిరాణా కొట్టులో బ్లీచింగ్ పౌడర్ అడిగితే, తూకం వేస్తున్న ఆవిడ నా బూట్ల వైపు చూసింది.

"బాయిల ఎవలన్న పడ్డరా?"

"లేదమ్మా, బూట్లు కడగడానికి."

"బూట్లకా? సబ్బు లేదా మీ ఊర్ల?"

లాడ్జి గదిలో అదే పౌడర్ నీళ్లలో కలిపి బూట్లు ముంచితే వాసన మెట్ల దాకా పోయింది. మేనేజరు ముక్కు మీద రుమాలుతో పైకి వచ్చాడు. గదిలో ఎవరూ చావలేదని తేల్చుకోవడానికి బాత్రూమ్ తలుపు కూడా తీసి చూసి, కిటికీ తెరిచి వెళ్లాడు.

మధ్యాహ్నం మార్కెట్ వెనక ఒక అరుగు మీద జొన్న రొట్టె, ఎల్లిపాయ కారం, పచ్చిపులుసు తిన్నాను. మా ఇంట్లో చారంటే పొయ్యి మీద మరిగి తీరాలి. ఇక్కడ చింతపండు రసం, ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి చల్లగానే పోస్తారు. ఆ ఎండకు అదే సరైనది. పక్కన కూరగాయలమ్మే ఇద్దరు ఆడవాళ్లు గిరాకీతో తెలుగులో, తమలో తాము మరాఠీలో మాట్లాడుకున్నారు. రెండు భాషల్లోనూ మాట వానల గురించే.

బండి కుదిరింది శామ్యూల్ అన్నతో. యాభై దాటినవాడు, తక్కువ నవ్వుతాడు. మెథడిస్టు చర్చి వెనక వీధిలో ఇల్లు. ఎన్ని డబ్బులిచ్చినా ఆదివారం బండి తీయనని ముందే చెప్పాడు. ఐసు డబ్బాలో ఏముంటుందని అడిగాడు. కప్పల ఒంటి మీద తుడిచిన దూది అన్నాను.

"తమ్మీ," అన్నాడు డబ్బా మూత నొక్కి చూసి, "గీ ముచ్చట మా ఇంట్ల జెప్పకు. మా ఆమె బండి గడగమంటది."

బోధన్ దారి, కాలువ ఊరు

ఈ దారిలో చెరకు చూస్తాననుకున్నాను. అక్కడక్కడ కనిపించింది. ఎక్కువ వరి, సోయా, పసుపు. మూతబడిన చక్కెర ఫ్యాక్టరీ గోడ పక్కనుంచి పోతుంటే శామ్యూల్ అన్న బండి నెమ్మది చేశాడు. చిన్నప్పుడు ఇక్కడ చెరకు బండ్లు రోడ్డు నిండా నిలబడితే, వెనకనుంచి గడలు లాక్కొని తినేవాళ్లట. "దొరికితే కొట్టేటోళ్లు గాదు. తిననిచ్చేటోళ్లు," అన్నాడు.

చెరకు పోతే కప్పకు ఏం పోతుందో చెప్పాలి. చెరకు తోటలో ఎండాకాలం కూడా నేల తడిగా, నీడగా ఉంటుంది. కప్పకు అది ఇల్లు. కోతల ముందు ఎండగట్టి, గడ్డి మందు కొట్టే వరి మడి అలా కాదు. దానికి తోడు పిల్లకాలువలకు సిమెంటు వేశారు. నీరు వృథా కాదు, నిజమే. కానీ ఆ నునుపు గోడల మధ్య పడిన కప్ప పైకి ఎక్కలేదు. ఒక తూము దగ్గర అలా కొట్టుకొచ్చినవి పేరుకొని ఉన్నాయి. వాటిని చంపింది రోగం కాదు, గోడ.

కాలువ ఊరిలో మాకు చెరువు చూపించింది సుబ్బారావు గారు. తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలువ కింద భూమి కొన్న కుటుంబం. నా మాట వినగానే "ఏ ఊరు బాబూ మనది?" అన్నారు. చెప్పాక మజ్జిగ ముందు వచ్చింది, విషయం తర్వాత.

"నేను పుట్టింది ఇక్కడే. అయినా ఇప్పటికీ మమ్మల్ని ఆంధ్రోళ్లు అంటారు. మీ దగ్గరికొస్తే తెలంగాణవాళ్లు అంటారు," అన్నారు చెరువు గట్టెక్కుతూ.

"కప్పలు ఎప్పట్నుంచి చస్తున్నాయండీ?"

"వాసనొచ్చాక చూశామండీ. ముందు అరుపులు తగ్గినాయి. మా ఆవిడ హాయిగా నిద్ర పడుతోందంది. తర్వాత దోమలు మొదలైనాయి, అప్పుడు నిద్ర పోయింది."

గట్టు వారన తుంగలో గోదురు కప్పలు పొట్టలు పైకి తేలి ఉన్నాయి. తొడుగులేసుకొని ఒకదాన్ని తిప్పి చూశాను. వెనక కాళ్ల లోపలి వైపు ఎర్రగా, పుండులా కాక, తోలు కింద నెత్తురు పరుచుకున్నట్టు ఉంది. తోకకప్పలు ఒక్కటి కూడా లేవు. ఈ రోజుల్లో నీటి అంచు నల్లగా వాటితో నిండి ఉండాలి. రోగం చేపపిల్లలు తెచ్చిన నీళ్లతో వచ్చిందో, ఒకరి మోటారు పైపుతో వచ్చిందో, ఎవరి కాళ్లతో వచ్చిందో చెప్పలేను. చెరువులో వల ఉంది. అదే వల రేపు ఇంకో చెరువుకు పోతుందని సుబ్బారావు గారే అన్నారు. ఎండలో బాగా ఆరబెట్టి, మందు నీళ్లలో ముంచి పంపమన్నాను. సరేనన్నారు. ముంచుతారో లేదో తెలియదు.

మేం బూట్లు కడుగుతుంటే ఆయన చూస్తూ నిలబడి, "మందు లేదా బాబూ దీనికి?" అని అడిగారు.

లేదన్నాను. రోగం ఉన్న నీటిలోంచి లేని నీటికి అది పోకుండా చూడటం ఒక్కటే మార్గం.

చెరువు ఊరు

నవీపేట్‌లో టీ తాగి, అక్కడ నుంచి మట్టి దారి పట్టాం. ఆ సాయంత్రం బండి దిగకముందే నాకు కప్పలు వినిపించాయి. శామ్యూల్ అన్న ఇంజను ఆపేశాడు. వాన లేకపోయినా, చెరువు సగానికి ఇంకినా, అవి అరుస్తున్నాయి. ఒకటి బెక బెక అన్నట్టు, ఇంకోటి ఎండిన గురిగింజలు డబ్బాలో ఆడించినట్టు. నీటి అంచున తోకకప్పలు నల్లగా కదులుతున్నాయి. పట్టిన ప్రతి కప్ప కాళ్లూ శుభ్రంగా ఉన్నాయి. కాలువ ఊరి నుంచి ఇక్కడిదాకా దారి పొడవునా చూసిన చెరువుల్లో ఇలాంటిది ఇదొక్కటే. ఇది ఇలాగే ఉంటే, చుట్టుపక్కల చచ్చిన చెరువులకు ఏదో ఒక రోజు ఇక్కడినుంచే కప్పలు మళ్లీ పాకాలి. వేరే దారి లేదు.

"ఎవలది గది? మా పిల్లను ముడుతున్నది?"

గట్టు మీద ఒక ముసలావిడ, చేతిలో ఇత్తడి చెంబు. పేరు లచ్చవ్వ. నా చేతిలోని కప్ప వైపు చూసి, "అరుస్తదా అది?" అంది.

"అరవదు, ఇది ఆడది. అరిచేవి మగవే," అన్నాను.

"నాకెర్కనే. అరవనిదే పిల్ల."

"అట్లయితే మా ఇంట్ల పిల్ల లేనట్టే అవ్వా," అన్నాడు శామ్యూల్ అన్న. అతను జోకు వేయడం అదే మొదటిసారి విన్నాను.

విషయం ఏమిటంటే, వానలు లేక సోయా మాడిపోతోంది, ఊళ్లో కప్పల పెళ్లి చేస్తున్నారు. ఇలాంటి పెళ్లి గురించి నేను వినే ఉన్నాను. తెలియనిది దాని నియమం. పిల్లా పిలగాడూ ఒకే చెరువు వాళ్లు కాకూడదు. ఒకే నీళ్లలో పుట్టినవి అన్నాచెల్లెళ్లు. అందుకని పిల్ల ఈ చెరువుది, పిలగాడు లచ్చవ్వ పుట్టిన ఊరి చెరువుది. అక్కడ ఆమె తమ్ముడున్నాడు. లగ్గం ఇక్కడ చేసి, జంటను ఇదే చెరువులో వదులుతారు.

"కప్పలకు కూడా మేనరికమేనా అవ్వా?"

"మరి? ఇల్లూ వాకిలి ఎర్కలేనోనికి పిల్లనిస్తమా?"

ఆమె పుట్టిన ఊరు ఏదని అడిగాను. కాలువ ఊరి పేరు చెప్పింది.

ఆ రాత్రి లచ్చవ్వ ఇంటి ముందే మక్క గటక, అంటే మొక్కజొన్న సంకటి, పప్పుతో తిన్నాం. పదిమంది ఆడవాళ్లు చుట్టూ కూర్చున్నారు. నేను ఫోన్‌లో చచ్చిన కప్పల బొమ్మలు చూపించాను. వైరస్ అన్నాను, తల ఊపారు, ఎవరికీ ఎక్కలేదు. ఇదే చెరువు నుంచి జంటను తీసి పెళ్లి చేయమన్నాను. అప్పుడు మాత్రం అందరికీ ఎక్కింది, తప్పుగా.

"అన్నకు చెల్లెనిచ్చి లగ్గమా?" అంది లచ్చవ్వ. "వాన గాదు బిడ్డా, నిప్పులు వడ్తయి."

చివరికి దారి చూపింది శామ్యూల్ అన్న. "అవ్వా, గాలికుంటు వచ్చిన ఊరికెళ్లి ఎడ్లను కొనుక్కొస్తవా?"

"ఎందుకు తెస్త? మన కొట్టం ఆగమయితది."

"గిది గూడ గంతే. కప్పలకు గాలికుంటు."

పశువుల నోళ్లు పుండ్లు పడి, గిట్టలు ఊడిన సంవత్సరాన్ని ఆ వాకిట్లో చూడనివాళ్లు లేరు. తర్వాత లెక్క లచ్చవ్వే తేల్చింది. గాలికుంటు ఊరి ఎద్దును తేము, గాలికుంటు ఊరి పిలగాన్నీ తేము. పిల్లనే అక్కడికి తీసుకుపోయి లగ్గం చేసి, అత్తగారింట అప్పజెప్పి వస్తాం. పిలగాని ఇంటి దగ్గర చేసే పెళ్లిలాగ, ఖర్చూ తక్కువ.

అంటే ఒక ఆరోగ్యమైన కప్ప చచ్చిపోతుంది, చెరువు మిగులుతుంది. ఒప్పుకున్నాను. నా షరతులు చెప్పాను. అక్కడి కప్ప రాకూడదు, అక్కడి నీళ్లు చెంబులో రాకూడదు, తిరిగొచ్చాక అందరూ ఊరి బయటే బ్లీచింగ్ నీళ్లతో కాళ్లు కడుక్కోవాలి.

"సావింటికెళ్లి వచ్చినట్టు," అంది ఒకామె.

"అలాగే అనుకోండి," అన్నాను.

పెళ్లి

మరునాడు రెండు ఆటోల్లో, మా బండిలో బయల్దేరాం. పిల్ల చెంబులో, తడి గుడ్డ కింద, లచ్చవ్వ ఒళ్లో. పసుపు ఒంటికి పూయొద్దని, కప్ప తోలుతో కూడా ఊపిరి పీలుస్తుందని చెప్పాను. సరేనని చెంబుకు పూశారు. గుర్తుకు మాత్రం వెనక కాలికి వదులుగా ఒక పసుపు దారం కట్టారు.

కాలువ ఊరిలో పిలగాడు దొరకడానికి చాలా సేపు పట్టింది. లచ్చవ్వ తమ్ముడు గట్టంతా తిరిగి, చివరికి ఒకదాన్ని జల్లెడలో పట్టుకొచ్చాడు. అది దూకలేదు. తుళ్లిపడలేదు కూడా. జల్లెడలో ఎలా పెడితే అలా కూర్చుంది. రెండు వెనక కాళ్లూ ఎర్రగా ఉన్నాయి.

ఆడవాళ్లు ఒక్కసారి నవ్వారు.

"సూడుండ్రి, పారాణి వెట్టుకొనే వచ్చిండు."

"తొందరున్నది పిలగానికి."

నేను నోరు తెరవబోతే శామ్యూల్ అన్న భుజం మీద చెయ్యి వేశాడు. నిన్నంతా చెప్పిందే కదా. ఆ ఎరుపు ఏమిటో ఫోన్‌లో చూసినవాళ్లే వీళ్లు. ఆ బొమ్మలు చచ్చిన కప్పలవి. ఇది పెళ్లికొడుకు.

బాసింగం బదులు జిల్లేడు పువ్వు, మంగళసూత్రం బదులు పసుపు కొమ్ము జల్లెడ అంచుకు కట్టారు. బియ్యం చల్లారు. సుబ్బారావు గారు కూడా వచ్చి అక్షింతలు వేశారు, నన్ను చూసి కొంచెం సిగ్గుపడ్డారు. "వాన మాకూ కావాలి కదండీ," అన్నారు. జంటను లచ్చవ్వ తమ్ముడి ఇంటి వెనక పెద్ద మట్టి గోలెంలో వదిలారు. ఇంకిపోతున్న చెరువులో వదిలితే చస్తాయని, వాన పడ్డాకే వదులుతామని ఆయన అన్నాడు. అప్పగింతలప్పుడు లచ్చవ్వ నిజంగానే కళ్లు తుడుచుకుంది. మా వైపు పెళ్లిళ్లలో అప్పగింతలంటే సన్నాయి మోగుతుంది. ఇక్కడ ఎవరూ ఏమీ వాయించలేదు. గోలెంలో నీళ్లు కదిలిన చప్పుడొక్కటే.

తిరిగొచ్చాక ఊరి బయట బకెట్ల ముందు వరస కట్టారు. ముసలివాళ్లు, పిల్లతల్లులు, ఆటో డ్రైవర్లు, ఒక్కరూ తప్పించుకోలేదు. వేళ్ల సందులు కూడా రుద్దారు. చెంబు కూడా కడిగించారు. నాకు ఇంత సహకారం ఏ చదువుకున్న ఊళ్లోనూ దొరకలేదు. శామ్యూల్ అన్న బండి చక్రాలు తనే కడుగుతూ, "ఇగ మా ఆమెకు జెప్పొచ్చు," అన్నాడు.

నందిపేట్

తర్వాతి రోజులు నందిపేట్ చుట్టుపక్కల, గోదావరి అంచున గడిచాయి. పసుపు మళ్లు, వరి, కొన్ని గుంటలు. చాలా వాటిలో కప్పలు తక్కువ, రోగమూ కనబడలేదు. ఒక్క కుంటలో మాత్రం మంచి సంఖ్యలో ఉన్నాయి. అది ఎవరి పొలం వెనకో, దారి ఎటో రాయను. ఆదివారం శామ్యూల్ అన్న లేడు, నేను గదిలో కూర్చొని గొట్టాలకు చీటీలు అంటించాను. ఆ మధ్యాహ్నం మబ్బు పట్టింది. చీకటి పడేలోపు వాన మొదలైంది. చూరు నిండా కారింది, లాడ్జి మెట్ల మీదికి నీళ్లొచ్చాయి. కింద రోడ్డు మీద జనం తడుస్తూ నిలబడ్డారు, ఎవరూ పరుగెత్తలేదు.

మళ్లీ చెరువు ఊరు

రైలెక్కే రోజు, ఆఖరి నమూనాల కోసం చెరువు ఊరికి వెళ్లాం. దారి బురద. చెరువు గట్టు దగ్గరే లచ్చవ్వ ఎదురైంది, కొత్త చీర కట్టుకుంది. చేతిలో విస్తరాకు, దాని నిండా బెల్లం పరమాన్నం.

"తిను బిడ్డా. నువ్వొచ్చే యాళ్లకు అయిపోతదనుకున్న."

"వానకా అవ్వా?"

"వానకు నిన్న తిన్నం. ఇది ఒడిబియ్యానికి."

మా వైపు ఆ పేరు అంతగా వినబడదు, అందుకని చెబుతాను. ఇక్కడ పెళ్లైన ఆడపిల్లను పుట్టింటికి తీసుకొచ్చి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోస్తారు. అది పోయకపోతే పుట్టింటివాళ్లు ఆ పిల్లను వదులుకున్నట్టు. పరమాన్నం నోట్లో ఉండగానే నాకు అర్థమైంది.

"ఎవరికి పోశారు?"

"ఎవలకేంది, మన పిల్లకు. వాన వడ్డంక పొద్దుగాల మా తమ్ముడు తోల్కచ్చిండు. కాలికి దారం గట్లనే ఉన్నది. చాటల వెట్టి బియ్యం వోసినం, గీ మెట్ల కాడ్నే ఇడిసినం. ఎంత మంచిగ ఈదుకుంట పోయిందో."

శామ్యూల్ అన్న నా వైపు చూడకుండా నీళ్ల వైపు చూశాడు.

"ఆ ఊరి కప్పను తేవొద్దని చెప్పాను కదా అవ్వా."

"తేలే గదా." ఆమె నిజంగా ఆశ్చర్యపోయింది. "పిలగాన్ని తేలే. పాపం, ఆడు సచ్చిండట గూడ. గా నీళ్లు తేలే. మా తమ్ముడు కాళ్లు కడుక్కున్నంకనే ఊర్లకొచ్చిండు, బకీట నేనే పెట్టిన. ఇది గా ఊరి కప్పనా? మన పిల్లనే గదా బిడ్డా. నాలుగొద్దులు అత్తగారింట ఉంటే పరాయిదయితదా?"

నా దగ్గర జవాబు ఉంది: రోగమున్న పిలగాడితో ఒకే గోలెం నీళ్లలో ఉన్న పిల్ల ఆ రోగాన్ని ఒంట్లో మోసుకొస్తుంది. చెప్పాను. ఆమె వింటూ విస్తరాకు మడిచింది, విప్పింది. మధ్యలో ఒకసారి చెరువులోకి చూసి, "ఇప్పుడు వట్టుకుంటే?" అంది. వాన నీళ్లతో చెరువు అలుగు దాకా వచ్చింది. ఆ సాయంత్రం దాకా నేను, శామ్యూల్ అన్న, లచ్చవ్వ, ఊళ్లోని ఆడవాళ్లు, అందరం గట్టు పొడవునా పసుపు దారం కోసం వెతికాం. తుంగలో, మెట్ల సందుల్లో, తూము నోట్లో. చెరువంతా కప్పలు అరుస్తున్నాయి. అరవనిదాన్ని వెతకాలి.

దొరకలేదు. రైలు తప్పిపోయింది, మరునాడు ఎక్కాను.

ఇంటికి వచ్చాక

ఆ రోజు తీసిన నమూనాల్లో ఏమీ లేదు. ఉండదు కూడా, అది అప్పుడే నీళ్లలో దిగింది. కొన్ని వారాల తర్వాత శామ్యూల్ అన్నే నేను చెప్పినట్టు తొడుగులేసుకొని, దూది పుల్లలతో తుడిచి, ఐసులో పెట్టి బస్సులో పంపించాడు. వాటిలో ఉంది. ఆయన పంపిన ఫోటోలో నీటి అంచు ఖాళీగా ఉంది. ఇప్పుడు ఆ చెరువు నుంచి ఏదీ బయటికి పోకుండా చూడటమే మిగిలిన పని. వలలు, మోటార్లు, బర్రెలు, మనుషుల కాళ్లు, ఈ వరసలో.

మొన్న లచ్చవ్వ శామ్యూల్ అన్న ఫోన్ నుంచి మాట్లాడింది. పంట బాగుందంది. చెరువు నిండుగా ఉందంది. దోమలు శానా అయినయంది. కప్పల మాట తనే ఎత్తింది.

"నువ్వు జెప్పినట్టే అయింది బిడ్డా. అరుపు లేదు. ఊరు సప్పుడు జేస్తలేదు."

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"మళ్లేడు వాన రాకుంటే లగ్గం జెయ్యాలె. మా దగ్గర పిల్ల లేదు, మా తమ్మునికాడ పిలగాడు లేడు. నువ్వు ఊర్లన్ని తిరిగినోనివి. మంచి చెరువు, రోగం లేంది, ఏడన్న ఉంటే జెప్పు. పిల్లనన్న గాడికెళ్లి తెచ్చుకుంటం, పిలగాన్ని ఇంకోకాడ సూస్తం."

నందిపేట్ అవతల ఆ కుంట గుర్తొచ్చింది. దాని గట్టు మీద తుంగ ఎక్కడ మొదలవుతుందో, ఏ మూల నుంచి అరుపు ఎక్కువ వస్తుందో కూడా గుర్తుంది.

"ఎక్కడా లేదవ్వా," అన్నాను.

"ఏడా లేదా?" అంది. "అయ్యో," అని ఫోన్ శామ్యూల్ అన్నకిచ్చింది.